అణువ్యర్థాలు: సముద్రం నుంచి రాతిపొర దాకా

అణుశక్తి చేతికొచ్చిన కొత్తల్లో దాని వ్యర్థాలను ఏం చేయాలన్నది పెద్ద చింత కాలేదు. 1946 నుంచే అమెరికా వాటిని పీపాల్లో నింపి సముద్రంలో పడేసింది. బ్రిటన్ వంటి దేశాలూ అదే దారి పట్టాయి. అంత నీళ్లలో పలచబడిపోతుందిలే అన్నదే అప్పటి లెక్క. అంతర్జాతీయంగా ఈ పనిని పూర్తిగా నిషేధించడానికి 1993 దాకా పట్టింది.

ఈలోగా నేల లోతుల్లో పాతిపెట్టే ఆలోచన పుట్టింది. 1957లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ నివేదిక ఉప్పుపొరల్ని సూచించింది. ఉప్పు కోట్ల ఏళ్లుగా కరగకుండా ఉందంటే అక్కడికి నీళ్లు చేరలేదనే అర్థం. పైగా పగులు వస్తే, పైనున్న బరువుకు ఉప్పు మెల్లగా జరిగి దాన్ని పూడ్చేస్తుంది. ఈ తర్కంలో ఇప్పటికీ లోపం లేదు. లోపమంతా మనిషి తవ్విన చోటే వచ్చింది.

1970లో కాన్సస్ రాష్ట్రంలోని లయన్స్ ఊళ్లో ఒక పాత ఉప్పుగనిని ఎంచుకున్నారు. రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ చుట్టుపక్కలంతా చమురు, గ్యాస్ కోసం వేసి వదిలేసిన బోర్లు. దగ్గర్లోని మరో గనిలో ఉప్పు కరిగించడానికి లోపలికి పంపిన నీళ్లలో దాదాపు 1,75,000 గ్యాలన్లు ఎటుపోయాయో తెలియలేదు. 1972లో ఆ ప్రయత్నం మానుకున్నారు.

జర్మనీకి అలా ఆపే అవకాశం దక్కలేదు. ఆసె ఉప్పుగనిలో 1967 నుంచి 1978 వరకు దాదాపు 1,26,000 పీపాలు చేర్చారు. కొన్ని గదుల్లో వాటిని వాలు మీంచి దొర్లించి, పైన ఉప్పు కప్పేశారు. 1988 నుంచి గనిలోకి ఉప్పునీరు ఊరుతోంది, రోజుకు సుమారు 12,000 లీటర్లు. పీపాలన్నీ తిరిగి పైకి తీయాలని 2013లో చట్టమే చేశారు. దాచడం కన్నా తీయడం ఎంత కష్టమో అక్కడి ఇంజినీర్లకు ఇప్పుడు తెలిసొస్తోంది.

ఈ దెబ్బలతోనే అసలు ప్రశ్న మారింది. లీకవుతుందా అని కాదు, లీకైతే ఏ నీటిదారిన, ఎన్ని వేల ఏళ్లకు, ఎవరి ఒంట్లోకి ఎంత చేరుతుంది అని లెక్కగట్టడం మొదలైంది. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే సుమారు 24,000 ఏళ్లు కావాలి మరి. ప్రకృతి ఒక ఆధారం కూడా ఇచ్చింది. గబాన్ దేశంలోని ఓక్లోలో సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం నిక్షేపమే సహజ రియాక్టరుగా పనిచేసిందని 1972లో బయటపడింది. అందులో పుట్టిన ప్లుటోనియం దాదాపు ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

స్వీడన్ పద్ధతిలో వాడిన ఇంధనాన్ని ఇనుప చట్రంలో పెట్టి, 5 సెంటీమీటర్ల మందం రాగి డబ్బాలో మూసి, చుట్టూ బెంటోనైట్ బంకమట్టి నింపి, సుమారు 500 మీటర్ల లోతున గట్టి రాతిలో ఉంచుతారు. వచ్చే మంచుయుగపు బరువునీ, ఆ మంచు కరిగాక రాగల భూకంపాలనీ లెక్కలో వేశారు. అయినా రాగి తుప్పు విషయం ఇంకా తేల్చాలని 2018లో పర్యావరణ కోర్టు పట్టుబట్టింది. ప్రభుత్వ అనుమతి 2022లో గాని రాలేదు. నాకు ఈ ఆలస్యం మీదే గౌరవం. ఫిన్లాండ్ ఇదే పద్ధతిలో ఓల్కిలువోటోలో సొరంగాలు తవ్వింది.

మన దగ్గర తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాన్ని గాజులో కరిగించి తారాపూర్ వంటి చోట్ల చల్లారబెడుతున్నారు. లోతైన శాశ్వత స్థలం ఇంకా ఖరారు కాలేదు. 2012లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం కేసు విచారణలో కోలార్ బంగారు గనుల పేరు వినిపించగానే అక్కడి జనం రోడ్డెక్కారు. నూరేళ్లకు పైగా, మూడు కిలోమీటర్ల లోతు దాకా తవ్విపోసిన నేల అది. లయన్స్, ఆసె సంగతులు తెలిసినవాళ్లెవరూ ఆ భయాన్ని కొట్టిపారేయలేరు.