ఫోన్‌లో పరామర్శ: బస్తర్ ఉద్యోగుల శోకానికి ఆన్‌లైన్ సహాయం ఎంతవరకు?

ఉద్యోగంలో ఉన్నవారు కుటుంబ సభ్యులను గానీ, సహోద్యోగులను గానీ కోల్పోయినప్పుడు ఫోన్, వీడియో కాల్, మొబైల్ యాప్ ద్వారా శిక్షణ పొందిన సలహాదారులు అందించే మానసిక సహాయాన్ని ఆన్‌లైన్ శోక సహాయంగా వ్యవహరిస్తున్నారు. నగరాల్లోని పెద్ద సంస్థలకు ఇది కొంతకాలంగా పరిచితమే. ఛత్తీస్‌గఢ్‌లోని ఏడు జిల్లాల బస్తర్ డివిజన్‌లో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ దశాబ్దాలుగా విధి నిర్వహణలోనే మరణాలు సంభవిస్తున్నాయి. చనిపోయినవారితో కలిసి పనిచేసినవారు మర్నాడే మళ్లీ విధులకు వెళ్లవలసి వస్తోంది.

2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది, 2021 ఏప్రిల్ 3న బీజాపూర్-సుక్మా సరిహద్దులో 22 మంది నేలకొరిగారు. ఈ చివరి ఘటనలోని మృతుల్లో విజయనగరం, గుంటూరు జిల్లాలకు చెందిన జవాన్లు కూడా ఉన్నారు. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ వద్ద మందుపాతర పేలి డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్‌కు చెందిన 10 మంది, వారి వాహన డ్రైవర్ మృతిచెందారు. తుపాకీ పట్టనివారిని కూడా ఈ హింస వదలలేదు. 2018 అక్టోబర్‌లో ఎన్నికల వార్తల కోసం వెళ్లిన దూరదర్శన్ కెమెరామన్ ఇదే అరన్‌పూర్ ప్రాంతంలో ప్రాణాలు కోల్పోయారు.

రిజర్వ్ గార్డ్‌లో అధికులు స్థానిక ఆదివాసీ యువకులు, లొంగిపోయిన మాజీ మావోయిస్టులు. కనుక వారి విషయంలో సహోద్యోగి మరణం తరచుగా బంధువు మరణమో, ఊరివాడి మరణమో అవుతుంది. ఇల్లు, కొలువు అనే విభజన ఇక్కడ నిలవదు.

శోకంతోనే కొలువులోకి

కారుణ్య నియామకాల వల్ల మరో వర్గం ఏర్పడుతోంది. భర్తనో తండ్రినో కోల్పోయినవారు అదే శాఖలో ఉద్యోగులుగా చేరుతున్నారు. ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖలో మైనర్లను సైతం ‘బాల ఆరక్షక్’గా నియమించే పద్ధతి ఉంది. 2023లో సర్గుజా జిల్లాలో ఐదేళ్ల బాలుడు ఇలా నియమితుడయ్యాడు. కుటుంబానికి జీతం ఆధారమన్నది నిజమే. అయితే తండ్రి మరణమే ఉద్యోగార్హతగా మారిన పిల్లవాడికి కావలసిన ఆసరా జీతంతో తీరేది కాదు.

ఆన్‌లైన్ వ్యవస్థలు ఇప్పటివరకు ఎక్కువగా ఆర్థిక సహాయం చుట్టూనే రూపొందాయి. 2017 ఏప్రిల్ 9న కేంద్ర హోంశాఖ ప్రారంభించిన ‘భారత్ కే వీర్’ ద్వారా పౌరులు అమర జవాన్ల కుటుంబాల ఖాతాలకు నేరుగా విరాళం పంపవచ్చు. ఒక్కో కుటుంబానికి గరిష్ఠ పరిమితి రూ.15 లక్షలు. సొమ్ము చేరవేసే దారి స్పష్టంగా ఉంది. దుఃఖాన్ని వినే దారి అంత స్పష్టంగా లేదు.

ఆ లోటును కొంత పూరించగలది టెలి-మానస్. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఈ సేవ 2022 అక్టోబర్ 10న ప్రారంభమైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి కేంద్ర సంస్థ. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మొదట సలహాదారు మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అనుసంధానిస్తారు. 2024 అక్టోబర్‌లో మొబైల్ యాప్, వీడియో సంప్రదింపులు కూడా దీనికి తోడయ్యాయి.

శోకం దానంతట అదే రోగం కాదు. తీవ్రమైన వియోగ వేదన కనీసం ఆరు నెలలు వీడక, దైనందిన జీవితాన్ని స్తంభింపజేస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వ్యాధి వర్గీకరణ దాన్ని ‘దీర్ఘకాలిక శోక రుగ్మత’గా గుర్తిస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో పెద్దలకు ఏడాది గడువు పెట్టింది. అందువల్ల ఘటన జరిగిన వారంలో ఒకసారి ఫోన్ చేసి పలకరించడం చాలదు. ఆరు నెలల తర్వాత మళ్లీ పలకరించడం అంతకంటే ముఖ్యం.

ఏ భాషలో ఏడవాలి?

టెలి-మానస్ 20 భాషల్లో సేవలందిస్తోంది. తెలుగు, హిందీ వాటిలో ఉన్నాయి. బస్తర్ పల్లెల్లో మాట్లాడే గోండి, హల్బీ లేవు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషీయులు 29 లక్షలకు పైగా, హల్బీ మాతృభాషీయులు 7 లక్షలకు పైగా ఉన్నారు. ఈ రెండూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలుకు బయటే ఉన్నాయి. హిందీలో నివేదిక రాయగల కానిస్టేబుల్ తమ్ముడి మరణం గురించి కూడా హిందీలోనే చెప్పుకోగలడని అనుకోవడం పొరపాటు.

చనిపోయినవారి పేరిట రాయి నిలపడం బస్తర్ గోండుల్లో పాత ఆచారం. ఆ రాళ్లకు ‘ఉరస్కల్’ అని పేరు. ఇందులోని ‘కల్’, మన ‘వీరగల్లు’లోని ‘గల్లు’ ఒకే ద్రావిడ మూలానికి చెందినవి. ఊరంతా కలిసి నిర్వహించే ఆ తంతుకు ఫోన్ సంభాషణ ప్రత్యామ్నాయం కాదు. కర్మకాండకు సెలవు దొరకని ఉద్యోగికి అది మరీ చిన్న ఊరట.

భాషా సమస్యకు సాంకేతికంగా దారి లేకపోలేదు. 2010లో మొదలైన ‘సీజీనెట్ స్వర’ మామూలు ఫోన్ ద్వారానే గోండి సహా స్థానిక భాషల్లో ప్రజలు తమ మాట రికార్డు చేసి, ఇతరుల మాట వినే ఏర్పాటు చేసింది. స్మార్ట్‌ఫోన్, అక్షరజ్ఞానం అవసరం లేని ఆ నమూనా శోక సహాయానికీ పనికివస్తుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు ఆమోదం తెలిపింది. అయినా వీడియో కాల్ కంటే మామూలు కాలే లోపలి పల్లెలకు నమ్మకమైన సాధనం.

భయం మరో అడ్డంకి. కేంద్ర సాయుధ బలగాల్లో సిబ్బంది ఆరోగ్యాన్ని ‘షేప్’ వర్గీకరణతో అంచనా వేస్తారు. అందులో మొదటి అక్షరం మానసిక స్థితిదే. పదోన్నతికి ఆ శ్రేణి కీలకం. నిద్ర పట్టడం లేదని చెబితే ఆయుధం తీసుకుంటారేమో, పదోన్నతి ఆగుతుందేమో అన్న అనుమానం ఉన్నచోట నంబరు తెలిసినా ఎవరూ ఫోన్ చేయరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ చికిత్స వివరాల గోప్యతకు హక్కు కల్పించింది. ఈ సంగతి సిబ్బందికి వారి భాషలో చెప్పవలసిన బాధ్యత శాఖలదే.

సెలవు విషయంలో బ్రిటన్ ముందుంది. 18 ఏళ్లలోపు బిడ్డను కోల్పోయిన ఉద్యోగికి 2020 ఏప్రిల్ నుంచి అక్కడ రెండు వారాల చట్టబద్ధ సెలవు లభిస్తోంది. భారత్‌లో కేంద్ర ఉద్యోగుల సెలవు నిబంధనల్లో వియోగ సెలవు పేరిట ప్రత్యేక విభాగం లేదు. సాధారణ, ఆర్జిత సెలవులే వాడుకోవాలి. శిబిరంలో ఉన్న జవాను ఆ సెలవుకైనా పైఅధికారి అనుమతి కోసం వేచి ఉండాలి.