మాంటెలుకాస్ట్ నుంచి ఎంఎస్ మందు దాకా.. ఒంట్లో 'కొవ్వు సిగ్నళ్ల'ను ఆపితే ఏం జరుగుతుంది?

కొవ్వు అనగానే మనకు గుర్తొచ్చేది బరువు, కొలెస్ట్రాల్, గుండెపోటు. కానీ ఒంట్లో కొన్ని కొవ్వు పదార్థాలు కబురు మోసే పని కూడా చేస్తాయి. వాపు ఎక్కడ రావాలి, రక్షణ కణాలు ఎటు వెళ్లాలి, ఆకలి ఎప్పుడు వేయాలి.. ఇలాంటి ఆదేశాలను కణాలకు చేరవేస్తాయి. వీటినే లిపిడ్ సిగ్నళ్లు అంటారు. వీటి మీద పనిచేసే మందులు చాలా ఇళ్లలో ఇప్పటికే ఉన్నాయి. కొన్ని రోగుల జీవితాన్నే మార్చేశాయి. ఒకటి మాత్రం మార్కెట్లోకి వచ్చిన రెండేళ్లకే వెనక్కి వెళ్లిపోయింది. ఎందుకలా?

సిగ్నల్ ఎలా పనిచేస్తుంది?

కణం మీద రిసెప్టర్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇవి గుమ్మం దగ్గరి కాలింగ్ బెల్ లాంటివి. లిపిడ్ సిగ్నల్ వచ్చి బెల్ నొక్కితే, లోపల కణం పని మొదలుపెడుతుంది. ఆస్పిరిన్ లాంటి మందులు కొన్ని సిగ్నళ్లు అసలు తయారవ్వకుండానే చూస్తాయి. రిసెప్టర్ మందులు అలా కాదు. సిగ్నల్ వచ్చినా బెల్ మోగకుండా చేస్తాయి.

చిక్కల్లా ఒక్కటే. ఒకే రకం బెల్ ఊపిరితిత్తుల్లో, గుండెలో, మెదడులో కూడా ఉండొచ్చు. ఒకచోట ఆపాలని మందు వేస్తే ఇంకోచోట కూడా ఆగిపోతుంది.

అందరికీ తెలిసిన ట్యాబ్లెట్

ఆస్తమా, ఎలర్జీకి వాడే మాంటెలుకాస్ట్ ఈ రకం మందే. లెవోసెట్రిజిన్‌తో కలిపి మెడికల్ షాపుల్లో తెగ అమ్ముడవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లలో ల్యూకోట్రీన్లు అనే లిపిడ్ సిగ్నళ్లు శ్వాసనాళాలను బిగుసుకుపోయేలా చేస్తాయి, కఫం పెంచుతాయి. 1979లో వీటి గుట్టు విప్పిన స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ శామ్యూల్సన్ 1982లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు. ల్యూకోట్రీన్ రిసెప్టర్‌ను అడ్డుకునే మాంటెలుకాస్ట్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది.

2020 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుకు తన అత్యంత తీవ్రమైన 'బాక్స్‌డ్ వార్నింగ్' జారీ చేసింది. కొందరిలో మూడ్ మారిపోవడం, పీడకలలు, డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు కనిపించడమే కారణం. మామూలు ఎలర్జీ జలుబుకైతే వేరే మందులు పనిచేయనప్పుడే దీన్ని వాడాలని సూచించింది.

కణాలను చంపదు.. బయటికి రానివ్వదు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) జబ్బులో రక్షణ కణాలే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరపై దాడి చేస్తాయి. ఒకప్పుడు దీని అదుపుకు ప్రధానంగా ఇంజెక్షన్లే దిక్కు. 2010 సెప్టెంబర్‌లో అమెరికాలో ఫింగోలిమోడ్‌కు అనుమతి రావడంతో నోటి ద్వారా వేసుకునే మందు దొరికింది.

దీని మూలం పురుగుల మీద పెరిగే ఒక ఫంగస్. అందులోని పదార్థాన్ని మార్చి జపాన్ శాస్త్రవేత్త టెట్సురో ఫుజిటా బృందం ఈ మందును తయారుచేసింది. మొదట కిడ్నీ మార్పిడి రోగుల కోసం పరీక్షించినా అక్కడ నిలవలేదు. 2002లో అసలు సంగతి బయటపడింది. రక్షణ కణాలు లింఫ్ గ్రంథుల నుంచి బయటికి రావాలంటే ఎస్1పీ అనే లిపిడ్ సిగ్నల్ దారి చూపాలి. మందు వల్ల ఆ రిసెప్టర్ కణం లోపలికి వెళ్లిపోతుంది. దారి తెలియక చాలా కణాలు గ్రంథుల్లోనే ఉండిపోతాయి.

కానీ ఎస్1పీ రిసెప్టర్లు గుండెలోనూ ఉన్నాయి. మొదటి డోసుతో గుండె వేగం తగ్గొచ్చు. అందుకే మొదటి డోసు తర్వాత కనీసం 6 గంటలు వైద్యుల పర్యవేక్షణలో ఉంచుతారు. ఆ తర్వాత వచ్చిన సిపోనిమోడ్, ఒజానిమోడ్ ఎంపిక చేసిన రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి, డోసు కూడా మెల్లగా పెంచుతారు. ఒజానిమోడ్‌ను పెద్దపేగు జబ్బు అల్సరేటివ్ కొలైటిస్‌కూ ఇస్తున్నారు.

'ఆనందం' ఆగిపోయిన వేళ

1992లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెకూలమ్ ల్యాబ్‌లో మెదడులోని ఒక లిపిడ్ సిగ్నల్‌ను గుర్తించారు. మన 'ఆనందం' అనే సంస్కృత పదం నుంచే దానికి 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. ఇది సీబీ1 అనే రిసెప్టర్‌ను కదిలిస్తుంది. గంజాయి మత్తు కూడా ఆ రిసెప్టర్ ద్వారానే వస్తుంది. ఆకలిని పెంచేదీ అదే.

దాన్ని ఆపితే బరువు తగ్గుతుంది కదా అని రిమోనబాంట్ అనే మందు తెచ్చారు. 2006లో యూరప్ ఓకే చెప్పింది. బరువు నిజంగానే తగ్గింది. కానీ కొందరిలో డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2007లో అమెరికా నిపుణుల కమిటీ వద్దంది. 2008 అక్టోబర్‌లో యూరప్‌లో అమ్మకాలు ఆగాయి. 2009లో భారత్ కూడా నిషేధించింది.

ఆ తర్వాత పరిశోధకులు మెదడులోకి తక్కువగా వెళ్లే సీబీ1 మందుల వైపు మళ్లారు. అలాంటిదే మోన్లునబాంట్. 2024లో వచ్చిన ఫలితాల్లో బరువు తగ్గినట్టు తేలినా, ఆందోళన, చిరాకు, నిద్ర సమస్యలు మళ్లీ కనిపించాయి. డోసు పెరిగేకొద్దీ అవీ పెరిగాయి.

మాంటెలుకాస్ట్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

• పాత చీటీ చూపించి షాపులో మళ్లీ మళ్లీ కొనొద్దు. ఎన్ని రోజులు వాడాలో డాక్టర్‌నే అడగాలి.
• ఆయాసం ఒక్కసారిగా ముంచుకొస్తే ఈ ట్యాబ్లెట్ ఆదుకోదు. అప్పుడు డాక్టర్ చెప్పిన రిలీవర్ ఇన్‌హేలర్ కావాలి.
• పిల్లల్లో పీడకలలు, విపరీతమైన కోపం, దిగులు కనిపిస్తే 'అల్లరి' అని కొట్టిపారేయొద్దు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.
• భయపడి ఆస్తమా మందులన్నీ ఒకేసారి మానేయొద్దు. అది ఇంకా ప్రమాదం.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, మానాలన్నా డాక్టర్‌ను సంప్రదించండి.