ఎన్‌ఫీల్డు గృహోపద్రవము - టెలివిజను నాటకములు

లండను నగరమున కుత్తరభాగమందలి ఎన్‌ఫీల్డులో, గ్రీన్ స్ట్రీటునందున్న యొక సామాన్యగృహమున, 1977 ఆగష్టు మాసమున గోడలలోఁ జప్పుళ్లు వినవచ్చుటయు, సామానులు కదలుటయు నారంభమయ్యెను. ఇట్టి యుపద్రవమును జర్మను పదముతోఁ బోల్టర్‌గైస్టు అందురు. చప్పుడు చేయు భూతమని యర్థము. పిలువఁగా వచ్చిన పోలీసు ఉద్యోగిని యొకతె, కుర్చీ దానంతట నదియే జరుగుటను జూచితినని వ్రాసి సంతకము చేసెను. అతీంద్రియ విషయములను శోధించు నాంగ్లేయ సంఘము తరఫున మారిస్ గ్రాసు, గై లయన్ ప్లేఫేరు అనువారలు నెలల తరబడి యా యింటికిఁ బోవుచు, వినఁబడినదెల్ల శబ్దగ్రహణ యంత్రములకెక్కించిరి. ప్లేఫేరు 1980లో గ్రంథమును బ్రకటించెను. ఆ సంఘమువారిలోనే అనీటా గ్రెగొరీ మొదలగువారు నమ్మరైరి. ఆ యింటి పిల్లలు సయితము కొన్ని చేష్టలు తమవేయని తరువాత నొప్పుకొనిరి. కొన్ని యనఁగా నెన్ని? వివాదమంతయు నచ్చటనే యున్నది.

తీర్పులేని కథ నాటకకర్తకుఁ గష్టము. ప్లేఫేరు గ్రంథము నాధారముగాఁ గొని 2015లో స్కై లివింగునందు మూడు భాగములుగాఁ బ్రసారమైన 'ది ఎన్‌ఫీల్డ్ హాంటింగ్'లో, తిమోతి స్పాల్ ధరించిన గ్రాసు పాత్రయే ప్రధానము. గ్రాసు కుమార్తె 1976లో రోడ్డు ప్రమాదమున మరణించుట యథార్థము. పుత్రికాశోకమున నున్నవాఁడు పరలోకసాక్ష్యమును దూఁచునపుడు త్రాసు మొగ్గదా యని చరిత్రకారుఁ డడుగవలసియున్నది. నాటకమున నా శోకమే కరుణరసమై కథను నడిపినది. సంశయమునకు హేతువు కావలసినది విశ్వాసమునకు హేతువైనది. స్పాల్ నటన యుత్తమమైనదగుటచేత నీ మార్పు మఱింత కనఁబడదు.

ఇంతకుఁ బూర్వమే, 1992 అక్టోబరు 31న, బి.బి.సి. వారు స్టీఫెన్ వోల్కు రచించిన 'గోస్ట్‌వాచ్'ను బ్రసారము చేసిరి. ఎన్‌ఫీల్డు కథయే దీనికిఁ బ్రేరణము; కుటుంబము కల్పితము. ప్రసిద్ధ ప్రసారకుఁడు మైకేల్ పార్కిన్‌సన్ తన పేరితోనే కనఁబడెను. ముందుగాఁ జిత్రించినదానినే యప్పుడు జరుగుచున్నట్లు చూపుటచే వేలకొలఁది ప్రేక్షకులు టెలిఫోను చేసిరి. అందొక బాలిక తానే చప్పుళ్లు చేయుచుఁ బట్టువడు ఘట్టము కలదు. పేర్లన్నియు మార్చిన యీ కల్పన, పేర్లు నిలిపిన 2015 నాటకముకంటె నీ యంశమున మూలమునకు సమీపమైనది. అయినను పిదప భూతము నిజమేయని తేల్చుటవలన, మొదటి సంశయము తుది భయమునకుఁ బెట్టుబడి మాత్రమే యయ్యెను.

2023లో ఆపిల్ టీవీ ప్లస్‌లో వచ్చిన నాలుగు భాగముల చిత్రము వేఱొక మార్గముఁ ద్రొక్కినది. గ్రాసు టేపులలోని కంఠములనే వినిపించి, వానికి సరిగా నటులు పెదవులు గదల్చునట్లు చేసిరి. ఇల్లు క్రొత్తగాఁ గట్టిన రంగస్థలము. మాట పత్రమువలె యథాతథము. ఆ మాట పలుకునపుడు బాలిక చేతులెక్కడ నుండెనో టేపు చెప్పదు, తెఱ మాత్రము చూపక తప్పదు.