బంతి పుట్టిల్లు ఎక్కడ?

నర్మెట్టలో మా అత్తగారి పెరడు చూస్తే దాన్ని ఎవరూ తోట అనరు. ఒక చేదబావి, పక్కన జామచెట్టు, గోడవారగా బంతి, చేమంతి, చంద్రకాంత, పశువుల పాక మీదికి ఎగబాకిన గుమ్మడితీగ. అంతే! జనగామ వైపు నీళ్ళకెంత కటకటో తెలిసిందే కదా. బియ్యం కడిగిన నీళ్ళు ఈ పూట ఏ మొక్కకి పోయాలన్నది ఆవిడకి బడ్జెట్టు వేసినంత పని. నేను మోజుపడి తెచ్చుకున్న గులాబీలు రెండు ఎండాకాలాల్లోనూ మాడి చచ్చాయిగాని, వానలు పడగానే బంతినారు పోయడం మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

"బంతి లేని ఇల్లు ఇల్లేనా బిడ్డా?" అంటుందావిడ.

నేను కృష్ణాజిల్లా నుంచి వచ్చిన కోడల్ని. పైగా బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. నోరు ఊరుకుంటుందా? "బంతి మనది కాదు అత్తమ్మా, మెక్సికోది" అన్నాను ఓరోజు.

నిజమేనండీ. 1492లో కొలంబస్ అటు వెళ్ళాకే ఆ ఖండపు మొక్కలు బయటి లోకానికి తెలిశాయి. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాడు, 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్ళ ఓడల్లోనే బంతి మన దేశంలో దిగింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఆఫ్రికా బంతి అన్నారు! పుట్టిందొక చోట, పేరింకో చోటుది. మెక్సికోలో దాన్ని సెంపాసూచిల్ అంటారు. ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయిన తమవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వస్తారని, వాళ్ళకి దారి తెలియాలని వాకిట్లో ఆ రేకులు పరుస్తారట. దానికి కాస్త ముందుగా మనం అదే పువ్వుని పళ్ళెంలో వరుసలు పేర్చి ఆడతాం. అక్కడ పోయినవాళ్ళకి, ఇక్కడ బతుకమ్మకి!

మా జిల్లాలోనే ఉంది బమ్మెర. భాగవతం రాసిన పోతనగారి ఊరు. (ఒంటిమిట్టవాళ్ళు కూడా మావాడే అంటారు, ఆ తగువులోకి నేను పోను.) పదిహేనో శతాబ్దపు ఆ మహాకవి తన వాకిట్లో బంతిపువ్వు చూసి ఉండడు. పెరట్లో జామకాయ కోసుకుని ఉండడు. అన్నంలో పచ్చిమిరపకాయ కూడా నంజుకుని ఉండడు! ఇవన్నీ అమెరికా సరుకే. గుమ్మడీ అంతే, చంద్రకాంతా అంతే. చేమంతి చైనా పిల్ల. గోడవారగా ఉన్నవాళ్ళలో ముప్పాతిక మంది ఓడ దిగినవాళ్ళేనన్నమాట.

అత్తగారు శ్రద్ధగా విని, "వచ్చి ఎన్నేండ్లయింది?" అనడిగింది.

"నాలుగొందల ఏళ్ళు దాటింది."

"నువ్వొచ్చి ఇరవై ఏండ్లు గూడ కాలే. నిన్ను మా ఇంటిదానివని అంటలేనా?"

బి.ఏ. పట్టా మళ్ళీ ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోయింది.

అయితే గేటు దగ్గరి కాగితం పూల విషయంలో మాత్రం ఆవిడ కరగలేదు. వాసన లేదు, పూజకి పనికిరాదు, పైగా ముళ్ళు. నాకేమో అదంటే ప్రాణం, దాని వెనకున్న ఆడమనిషి వల్ల. 1766లో ఫ్రాన్సు నుంచి బూగెన్‌విల్ ప్రపంచయాత్రకి బయల్దేరాడు. ఆ నౌకల్లో వృక్షశాస్త్రజ్ఞుడు కామెర్సన్. అతనికి సహాయకుడు ఒక కుర్రవాడు. కాదు, మగవేషం వేసుకున్న జాన్ బారే అనే స్త్రీ! ఓడలో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు మరి. బ్రెజిల్ తీరాన ఈ పూలు దొరికాయి. కామెర్సన్ కాలు బాగాలేని మనిషి కాబట్టి, కొమ్మ విరిచి తెచ్చింది ఆమేనేమోనని చరిత్రకారులు కొందరు అంటారు. పువ్వుకి మాత్రం దొరగారి పేరే పెట్టారు. 1775 ప్రాంతంలో ఆమె ఫ్రాన్సుకి తిరిగి చేరేసరికి, భూమి చుట్టి వచ్చిన మొదటి మహిళ అయింది. ఆమె పేరు ఒక మొక్కకి పెట్టడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. మనలో ఎంతమందికి ఆశ్చర్యం కలుగుతుంది చెప్పండి?

ఇంతకీ, బతుకమ్మకి అసలు పూలు తంగేడు, గునుగు. తంగేడు అచ్చంగా ఈ నేలదే. 2014లో రాష్ట్రపుష్పం కూడా అయింది. దాని బెరడుతో తోళ్ళు ఊనేవారు. ఈ రెంటినీ మా అత్తగారు ఏనాడూ పెరట్లో వేయలేదు. ఎందుకేస్తుంది? తంగేడు గుట్టల మీద, గునుగు జొన్నచేలలో కలుపుగా దండిగా ఉండేవి. ఇప్పుడు జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తితో కలుపుమందు వచ్చింది. పోయినేడు సద్దులరోజున గునుగు కట్టలు జనగామ అంగట్లో కొనుక్కొచ్చాం. "గునుగుకు పైసలా!" అని ఆవిడ ఆ కట్టని చాలాసేపు ముట్టుకోలేదు.

గట్టు మీద కొంచెం మందు కొట్టకుండా వదలమని మా మరిదిని అడిగాను. "మీకు పువ్వు వదినా, మాకు కలుపు. ఒక్క మొక్క ఇడిస్తే వచ్చే ఏడు చేనంతా గునుగే. కూలోళ్ళు యాడ దొరుకుతున్నరు?" అన్నాడు. అతని మాటా కాదనలేం.

అందుకని ఆ కట్టలోంచే నల్లగా మెరిసే గింజలు దులిపి, మొన్న వానలకి బావి పక్కన చల్లాను. పక్కింటామె నవ్వింది, కలుపు నాటేదాన్ని ఇప్పుడే చూస్తున్నానని. జానెడెత్తు లేచాయి. నిన్న పొద్దున అత్తగారు నీళ్ళు పోస్తూ, అలవాటు కొద్దీ వంగి ఒకటి పీకేసింది. వేరుతో సహా చేతిలో పట్టుకుని చూసింది. మళ్ళీ వంగి, వేలితో గుంట చేసి అక్కడే పెట్టి, మిగిలిన నీళ్ళు దానికే పోసింది.