గుప్తాయుధము - అనుజ్ఞాపత్రము

గత వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకడు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమునుండి సెలవుపై వచ్చి మమ్ము చూడవచ్చెను. మాటల నడుమ నతడు, "మాస్టారూ, మా వీధిలో ఆదివారంపూట గడ్డి కోసుకునే పెద్దమనిషి నడుముకి కూడా పిస్తోలు ఉంటుందండీ. చొక్కా కింద దాచుకుంటాడు. మనకి కనబడదు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి నేను ప్రతివాడి చొక్కావైపే చూస్తున్నాను" అనెను. అట్లు ధరించుటకు పూర్వము ప్రభుత్వమువారి లైసెన్సు కావలసియుండెననియు, 2021 సెప్టెంబరునుండి ఆ రాష్ట్రమున నదియు నక్కరలేకపోయెననియు చెప్పెను. అతడు వెళ్లిన పిమ్మట మే మీ విషయమును గూర్చి కొంత చదివితిమి. చదువగా, ఇది తుపాకుల చరిత్ర మాత్రమే కాదనియు, ఎవరిని నమ్మవచ్చునో ఎవరిని నమ్మరాదో నిర్ణయించు నధికారము ఎవరి చేతిలో నుండవలెనను వివాదముయొక్క చరిత్రమనియు తోచెను.

సంస్కృతమున 'గుప్' ధాతువునకు రక్షించుట యని యర్థము. దానినుండి పుట్టిన 'గుప్త' శబ్దమునకు రక్షింపబడినదనియు, దాచబడినదనియు రెండర్థములును గలవు. మన పెద్దల కాలమున గుప్తి యను చేతికర్ర యుండెడిది. చూచుటకు ముసలివాని ఊతకర్ర. పిడి పట్టి లాగినచో లోపలనుండి సన్నని కత్తి వెలువడును. ఆశ్చర్యమేమనగా, అమెరికాలో దాచిన ఆయుధములను గూర్చిన మొదటి ప్రసిద్ధవ్యాజ్యము తుపాకినిబట్టి పుట్టలేదు. ఇట్టి గుప్తినిబట్టియే పుట్టినది.

కెంటకీ రాష్ట్రమువారు 1813లో నొక శాసనము చేసిరి. ప్రయాణమున నున్నవాడు తప్ప మరెవ్వడును పిస్తోలుగాని, బాకుగాని, కఱ్ఱలో దాచిన కత్తిగాని మరుగున ధరింపరాదని దాని తాత్పర్యము. లూయిసియానావారును ఆ సంవత్సరముననే అట్టి శాసనము చేసిరి. కెంటకీలో బ్లిస్ అనునాతడు గుప్తికర్రతో పట్టుబడి నూరు డాలర్ల జరిమానాకు పాల్పడెను. అతడు పై న్యాయస్థానమునకు పోయెను. 1822లో ఆ న్యాయస్థానము, ఆత్మరక్షణకై ఆయుధము ధరించు హక్కును రాష్ట్ర రాజ్యాంగము పౌరుల కిచ్చియుండగా, శాసనసభ దానిని కొంచెమైనను తగ్గింపజాలదని చెప్పి శాసనమును కొట్టివేసెను. ప్రజల కీ తీర్పు రుచింపలేదు. తరువాత 1850లో రాజ్యాంగమును తిరిగి వ్రాసికొనినపుడు, దాచిన ఆయుధములను నిషేధించు నధికారము శాసనసభకు గలదని అందులోనే చేర్చుకొనిరి.

తక్కిన రాష్ట్రముల న్యాయస్థానములు బ్లిస్ తీర్పు మార్గమున నడువలేదు. అలబామాలో 1840లోను, జార్జియాలో 1846లోను, లూయిసియానాలో 1850లోను వచ్చిన తీర్పులు, నలుగురికి కనబడునట్లు ఆయుధము ధరించుట వేరనియు, దాచి ధరించుట వేరనియు విభాగించినవి. అప్పటివారి భావము ప్రకారము మగవాడైనవాడు ఆయుధమును బహిరంగముగ ధరించును. దాచువాడు దొంగ, లేక హంతకుడు. ఈ కాలమున అమెరికాలో ననేకుల యభిప్రాయము దీనికి సరిగా తలక్రిందై యున్నది. అంగడికి వచ్చినవాడు నడుమున తుపాకి కనబడునట్లు తిరిగినచో పిల్లలు జడిసికొందురనియు, చొక్కా క్రింద దాచుకొనుటయే మర్యాద యనియు వారందురు. ఒకే పని ఒక శతాబ్దమున నీచమై మరియొక శతాబ్దమున సభ్యత యగుట చరిత్ర చదువువారికి వింత గాదు.

దాచుటకు వీలైన ఆయుధములు రానురాను చిన్నవయ్యెను. కోల్టు 1836లో రివాల్వరునకు పేటెంటు పొందెను. ఫిలడెల్ఫియా నగరవాసి హెన్రీ డెరింజరు చేసిన పిస్తోలు అరచేతిలో నిమిడిపోవునంతటిది. 1865 ఏప్రిలు 14వ తేదీ రాత్రి నాటకశాలలో లింకను వెనుకకు వచ్చి కాల్చినవాని చేతిలోనిది అదియే.

ఇక అనుజ్ఞాపత్రము సంగతి. దాచిన ఆయుధములను నిషేధించిన శాసనము లందరికిని సమానముగా వర్తించవలసినవి. లైసెన్సు అట్టిది కాదు. ఒకనికి ఇయ్యవచ్చును, వేరొకనికి ఇయ్యకపోవచ్చును. అందుచేత అందులో మొదటినుండియు మనుష్యుల తరగతులు ప్రవేశించెను. అంతర్యుద్ధము ముగిసి బానిసలు స్వతంత్రులైన 1865లోనే మిసిసిపీ రాష్ట్రమువారు, స్థానికాధికారుల లైసెన్సు లేనిదే విముక్తులైన నల్లజాతివారు తుపాకి యుంచుకొనరాదని శాసించిరి. ఫ్లారిడావారు 1893లో, వరుసగా కాల్చు రైఫిళ్లకు లైసెన్సు కావలెనని శాసనము చేసి, 1901లో పిస్తోళ్లను గూడ అందులో చేర్చిరి. శాసనములో ఏ జాతిపేరును లేదు. కాని 1941లో ఆ రాష్ట్ర ఉన్నతన్యాయస్థాన న్యాయాధిపతి బ్యూఫర్డు తన తీర్పులో దాపరికము లేకుండ చెప్పినదేమనగా: ఆ శాసనము కలప, టర్పెంటైను పనులకై వచ్చిన నల్లజాతి కూలీలను నిరాయుధులను జేయుటకై చేయబడినది, తెల్లవారికి వర్తింపజేయవలెనను నుద్దేశ మెన్నడును లేదు, వాడుకలోను వర్తింపజేయలేదు.

ఇది చదువునపుడు మాకు మన దేశపు 1878 ఆయుధశాసనము జ్ఞప్తికి వచ్చెను. లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆ శాసనముక్రింద హిందూదేశీయుడు లైసెన్సు లేక తుపాకి ముట్టరాదు. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై దాడి సలిపి మొట్టమొదట తీసికొనినవి తుపాకులే యగుట యీ శాసనమును ఎరిగినవారికి వింతగా తోచదు. ఆ శాసనము స్థానమున స్వతంత్రభారతమున 1959 శాసనము వచ్చినది. జాతిభేదము పోయెను, లైసెన్సు మాత్రము నిలిచినది.

అమెరికాకు మరలుదము. 1911 జనవరిలో న్యూయార్కు నగరమున నవలాకారుడు డేవిడ్ గ్రహామ్ ఫిలిప్స్‌ను ఒకడు నడివీధిలో కాల్చి చంపెను. ఆ సంవత్సరముననే టిమతీ సల్లివన్ అను రాజకీయనాయకుడు ప్రతిపాదించిన శాసనము అమలులోనికి వచ్చెను. దాచుటకు వీలైన చిన్న తుపాకిని ఇంట నుంచుకొనుటకును లైసెన్సు కావలెను. లైసెన్సు లేక బయట ధరించుట ఘోరాపరాధము. ఈ శాసనముక్రింద తొలిదినములలో శిక్షపడినవారిలో ఒక ఇటలీదేశపు పనివాడు గలడు. బ్లాక్ హ్యాండ్ అను దుండగుల ముఠాకు జడిసి రివాల్వరు ఉంచుకొంటినని యతడు విన్నవించుకొనెను. ఒక సంవత్సరము కారాగారవాసము విధించిరి. 1913లో చేసిన సవరణవలన, బయట ధరించుటకు లైసెన్సు కోరువాడు 'తగిన కారణము' చూపవలసివచ్చెను. తన ప్రాణమును రక్షించుకొనవలెనని చెప్పిన చాలదు. తక్కినవారికి లేని ప్రత్యేకమైన యాపద తనకు గలదని ఋజువు చేయవలెను. ఆ యాపద చాలినదో చాలనిదో చెప్పువాడు అధికారి.

దుండగుల కరములలో తుపాకులు పెరుగుచున్న మహానగరమున ఇట్టి కట్టుబాటు కావలెనని తలచినవారు దుష్టులు కారు. మేము నట్లే తలచియుందుము. కాని అధికారి చిత్తమే ప్రమాణమైనపుడు ఏమగునో తెలిపెడి యుదాహరణ మొకటి గలదు. అలబామా రాష్ట్రమున మాంట్‌గోమరీ నగరమందు నల్లవారు బస్సులను బహిష్కరించియుండిన కాలము. 1956 జనవరి 30వ తేదీ రాత్రి మార్టిన్ లూథర్ కింగు ఇంటిపై బాంబు వేసిరి. ఆయన సభలో నుండెను. ఇంటిలో భార్యయు పసిబిడ్డయు నుండి దైవికముగ బ్రతికిరి. పిమ్మట కింగు తుపాకి ధరించుటకు లైసెన్సు కావలెనని షరీఫు కార్యాలయమున దరఖాస్తు పెట్టుకొనెను. నిరాకరించిరి. ఇంటిపై బాంబు పడినవానికంటె తగిన కారణము గలవాడు ఆ నగరమున మరియెవ్వడు? అటుతరువాత నాయన ఆలోచించి, అహింసను బోధించుచు ఇంట నాయుధ ముంచుకొనుట పొసగదని ఇంటిలోని తుపాకిని గూడ వదలివేసెను. 1959లో గాంధీమహాత్ముని దేశము చూడవలెనని యిచటికి వచ్చెను. ఆయన వదలుకొనుట ఆయన గొప్పతనము. దానివలన నిరాకరించినవాని తప్పు ఒప్పు కాదు.

1961లో వాషింగ్టను రాష్ట్రమును, 1976లో జార్జియాయు, తరువాత మరికొన్నియు క్రొత్తమార్గము పట్టెను. దరఖాస్తుదారునకు శాసనములో చెప్పిన యనర్హతలు లేకున్నచో లైసెన్సు ఇచ్చితీరవలెను. అధికారి యిష్టాయిష్టములతో పని లేదు. దేశమంతటిని కదలించినది మాత్రము 1987లో ఫ్లారిడా చేసిన శాసనము. వయస్సు, వ్రేలిముద్రలు, నేరచరిత్ర విచారణ, తుపాకి వాడుకలో శిక్షణ పొందినట్లు నిదర్శనము, ఇవి యున్న చాలును. కూలీలను నిరాయుధులను జేయ లైసెన్సు పెట్టిన రాష్ట్రమే ఇట్లు చేయుట గమనింపదగినది. టెక్ససులో 1991 అక్టోబరున కిలీన్ పట్టణపు భోజనశాలలో ఒకడు 23 మందిని కాల్చి చంపెను. తలిదండ్రుల నిద్దరిని అచట పోగొట్టుకొనిన సుజానా హప్ అను నామె, శాసనమునకు వెరచి తన రివాల్వరును కారులో విడిచి వచ్చితినని శాసనసభలలో సాక్ష్యము చెప్పెను. 1995లో టెక్ససువారును లైసెన్సు శాసనము చేసిరి. కట్టకడపట, 2022 జూను 23న అమెరికా సర్వోన్నతన్యాయస్థానము న్యూయార్కువారి 'తగిన కారణము' నియమమును ఆరుగురు న్యాయాధిపతుల యభిప్రాయముపై రద్దుచేసెను, ముగ్గురు విభేదించిరి. 2024 నాటికి 29 రాష్ట్రములలో అనుజ్ఞాపత్రమే యక్కరలేకపోయినది. న్యూయార్కువారు మాత్రము తీర్పు వచ్చిన వెంటనే 16 గంటల పాఠమును, 2 గంటల గురి యభ్యాసమును, శీలమునకు నలుగురి సాక్ష్యమును కావలెనని క్రొత్త శాసనము వ్రాసికొనిరి.

లైసెన్సు వచ్చినపిమ్మట ఏమి ధరించవలెనను ప్రశ్న మిగులును. దీనిపై నచట పెద్ద వ్యాపారమే గలదు. 1994నుండి 2004వరకు అమలులోనుండిన కేంద్రశాసనము పదింటికి మించి గుండ్లుపట్టు క్రొత్తపెట్టెల అమ్మకమును నిషేధింపగా, పదియే పట్టుచోట పెద్ద పిస్తోలెందుకని తయారుచేయువారు చిన్నవానిని చేయసాగిరి. కాని అనుభవజ్ఞులు చెప్పునది, తుపాకికంటె ముందు ఒరను చూచికొమ్మని. మీట పూర్తిగా కప్పబడవలెను. పరుగెత్తినను వంగినను ఆయుధము జారరాదు. ఒరను మోయు నడికట్టు గట్టిగ నుండవలెను. మరికొందరు చిన్న దీపమును, రక్తస్రావము నాపు బిగింపుపట్టీని గూడ వెంట నుంచుకొందురు. వారిలో ఈ పట్టీవారి వివేకము మాకు నచ్చినది. చేతిసంచిలో పెట్టుకొనుట మాత్రము మంచిది కాదందురు. ఏలయన, సంచి యొడలిని విడిచి యుండును. 2014 డిసెంబరు 30న ఐడాహో రాష్ట్రమున హేడన్ పట్టణపు అంగడిలో ఒక తల్లి సంచి ప్రక్కనే రెండేండ్ల బిడ్డను కూర్చుండబెట్టి సామానులు చూచుచుండెను. ఆమెకు లైసెన్సు గలదు. సంచియు తుపాకి దాచుటకే కుట్టినది. బిడ్డ చేయి లోనికి పోయెను. తుపాకి ప్రేలి తల్లి అచటనే ప్రాణము విడిచెను.

మా శిష్యుడు తానును ఒక పిస్తోలు కొనవలెనాయని యడిగియుండెను. అతడు శాశ్వతనివాసి కాడు. ఉద్యోగముకొరకు తాత్కాలిక వీసాపై నున్నవాడు. అట్టివారికి, వేటలైసెన్సు మొదలైన కొలది మినహాయింపులు తప్ప, తుపాకి చేతనుంచుకొనుటయే కేంద్రశాసనమునుబట్టి నేరము. ఇరుగుపొరుగువారు కొనిరిగదా యని కొన్నచో చెరసాలయు, దేశబహిష్కారమును సంభవింపవచ్చును. ఈ సంగతి యతనికి ఉత్తరమున వ్రాసితిమి.

అదే యుత్తరమున మరియొక సంగతియు వ్రాసితిమి. 2016 జూలై 6న మినెసోటా రాష్ట్రమున ఫిలాండో కాస్టీల్ అను నల్లజాతి యువకుని కారును పోలీసువారు ఆపిరి. అతడు ఒక పాఠశాలలో భోజనశాల పర్యవేక్షకుడు. అతనియొద్ద తుపాకియు, దానికి లైసెన్సును గలవు. తనవద్ద ఆయుధమున్నదని అతడు మర్యాదగా తెలిపెను. కొన్ని క్షణములలో పోలీసుద్యోగి అతనిని కాల్చెను, అతడు మరణించెను. మరుసటి సంవత్సరము జ్యూరీవారు ఆ యుద్యోగిని నిర్దోషియని విడిచిరి.