షైలాకు మిత్తి: భూపాలపల్లి వాడుకలో యూదుని జాడ

భూపాలపల్లిలో సింగరేణి కాలనీకి పోవు దారి ప్రక్కనున్న ఒక చాయ్ హోటలులో, మొదటి షిఫ్టు దిగివచ్చిన కార్మికులు నలుగురు గిరిగిరి ఫైనాన్సువాని గూర్చి మాటలాడుకొనుచుండగా, వారిలో కొంత చదువుకొన్న యువకుడొకడు "వాడు మనిషి కాదన్నా, ఉత్త షైలాకు, మిత్తి మీద మిత్తి గుంజుతడు" అనెను. షైలాకు ఎవరని నేనడుగగా, "గదే సార్, బడిల చదివినం గద, పైసల పిచ్చోడు, యూదుడు" అని బదులు వచ్చినది. ఆ మాటలో ద్వేషము లేదు. గ్లాసు చల్లారకమునుపే త్రాగి లేవవలెనన్న తొందర మాత్రమే యున్నది. అతడు యూదుని కన్నులార చూచి యెరుగడు. యూదుల వాడ గాని, ప్రార్థనామందిరము గాని లేని ఈ సీమలో, మనిషి రాకయే అతని మీది నింద వచ్చి యెట్లు కాపురమున్నదన్నదే నా విచారణకు విషయము.

ఈ వింత మనకే పరిమితము కాదు. ఇంగ్లండు రాజు ఒకటవ ఎడ్వర్డు 1290లో యూదులను దేశమునుండి వెడలగొట్టెను. వారు మరల అచట బాహాటముగా నిలువ నోచుకొన్నది 1656లో. ఈ రెంటి నడుమ, 1596-97 ప్రాంతమున, షేక్స్పియరు, షైలాకు అను యూదు వడ్డీవ్యాపారి గల తన వెనీసు వర్తకుని కథను నాటకముగా వ్రాసెను. అనగా ఆ ప్రేక్షకులలో అధికులు పొరుగున ఎన్నడును చూడని మనిషిని రంగస్థలముమీద చూచి నవ్విరి. మధ్యయుగ ఐరోపాలో భూమియు, చేతిపనివారి సంఘములును యూదులకు చాలచోట్ల మూసివేయబడుటయు, క్రైస్తవులు తమలో తాము వడ్డీ తీసికొనుటను చర్చి నిషేధించుటయు కలిసి, కొందరు యూదులను వడ్డీవ్యాపారములోనికి నెట్టినవన్న సంగతి ఆ నవ్వునకు పట్టలేదు. ఆ నవ్వే పాఠ్యపుస్తకములతోపాటు ఓడనెక్కి మనకును వచ్చినది. తన జాతివారికిని నొప్పి గలదని షైలాకు మొరపెట్టుకొను ఘట్టము ఎవరికిని జ్ఞాపకముండదు. కత్తియు, త్రాసును, అప్పునకు బదులుగా అతడు కోయగోరిన పౌను మాంసమును మాత్రము మరపునకు రావు. పైగా ఆ పేరు మనకొక సౌకర్యము: మిరపతోటకు అప్పిచ్చినవాడు ఎదురింటివాడో, పార్టీవాడో యైనపుడు, పేరు పెట్టి తిట్టినచో తంటా; షైలాకు అన్నచో ఆ తిట్టు ఊరిలో ఎవనికిని తగులదు.

ఆ నింద రెండవ దారిన చర్చిగుండా వచ్చినది. తెలుగు బైబిలులో యాకోబు కుమారుడు యూదా, అతని గోత్రము యూదా, వారి దేశము యూదా. ముప్పది వెండినాణెములకు గురువైన యేసును పట్టియిచ్చిన శిష్యుడును ఇస్కరియోతు యూదాయే. ఇంగ్లీషు ఈ పేళ్లను వేర్వేరు రూపములలో వ్రాసికొన్నది. తెలుగు అన్నింటిని ఒకే అచ్చులో పోసినది. కావున నమ్మకద్రోహిని "యూదా" అని తిట్టినపుడు, అది వ్యక్తినామమో జాతినామమో వినువాని చెవికి తేలదు. గుడ్ ఫ్రైడేనాడు "యూదులు చంపిరి" అని వక్త ఒక్కమాటలో తేల్చునపుడు, సిలువకు అప్పగించిన పిలాతు రోమను అధికారి యనియు, మరణించినవాడును, ఆయన తల్లియు, విలపించిన శిష్యులును యూదులే యనియు ఎవరికిని తోచదు. ఆనాటి యూదులందరిమీదను గాని, నేటివారిమీద గాని ఆ నేరము మోపరాదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించినది. అరువదేండ్లు గడచినను ఆ ప్రకటన మన పల్లెల ప్రసంగవేదికలకు పూర్తిగా చేరలేదని నా తలంపు. ఇక ఇంటిలో కట్టడి చేయు అన్నను "హిట్లర్" అని ముద్దుగా పిలుచుట, 1997లో చిరంజీవి చిత్రమునకు ఆ పేరే పెట్టుట, అరువది లక్షల యూదుల హత్య మనకెంత దూరపు వార్తయో చెప్పుచున్నవి.

తెలుగువారిలోనే తాము యూదులమని చెప్పుకొనువారు కలరు. గుంటూరు సీమలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున, మాదిగ కులమున పుట్టి, బాప్టిస్టు క్రైస్తవము మీదుగా వచ్చిన కొన్ని కుటుంబములవారు 1991లో ప్రార్థనామందిరము నెలకొల్పుకొని, తాము బైబిలులోని ఎఫ్రాయీము సంతతివారమని, అనగా బెనె ఎఫ్రాయీము అని చెప్పుకొనుచు, శనివారపు సబ్బాతును పాటించుచున్నారు. యులియా ఇగొరొవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో వీరిపై ఒక గ్రంథమునే వెలువరించిరి. అయినను వీరి ప్రస్తావన రాగానే వినవచ్చు మాట ఒక్కటే: ఇజ్రాయెలు పోవుటకు, పైసల కొరకు. వారి వంశకథ నిలుచునా లేదా అన్నది సాక్ష్యముతో తేలవలసిన ప్రశ్న, దానిని అడుగుటలో తప్పు లేదు. కాని కూలికి పోయి బ్రదుకు మనిషి యూదుడనని చెప్పుకొన్నంతనే, తరతరాలుగా ఆ పేరునకు అంటియున్న ధనాశ ఈతని మెడకును తగులుకొన్నది. మాదిగ యన్న పేరుతో వచ్చు చిన్నచూపు అదనముగా ఉండనే యున్నది.

మన గడ్డమీద వేరొక పద్ధతియు ఉండెను. 1647లో గోలకొండ రాజ్యపు హైదరాబాదున, మతములను గూర్చిన దబిస్తాన్-ఎ-మజాహిబ్ అను గ్రంథపు కర్త, పారసీక దేశపు కాషానులో యూదకుటుంబమున జన్మించిన కవి సర్మదును కలసికొని, యూదమతమును గూర్చిన విషయములను అతని నోటనే విని వ్రాసికొనెను.

మరునాడు ఆ చాయ్ హోటలులోనే యువకుడు మరల కనబడగా, ఆ గిరిగిరివాడు ఎవరని అడిగితిని. అతడు గ్లాసు బల్లమీద పెట్టి, "మా మేనబావనే సార్" అనెను.