లక్క ఇంటి నుంచి ఎలక్ట్రిక్ గిటారు దాకా



భారతం విన్నవాళ్ళందరికీ లక్క ఇల్లు తెలుసు. వారణావతంలో పాండవుల కోసం దుర్యోధనుడు కట్టించిన ఇల్లది. చూడబోతే నిగనిగలాడుతుంది, నిప్పు సోకితే భగ్గుమంటుంది. ఆ లక్కకీ, ఈనాటి కుర్రవాళ్ళు భుజాన తగిలించుకుని వాయించే ఎలక్ట్రిక్ గిటారుకీ చుట్టరికం ఉందంటే మీరు నవ్వుకుంటారేమో. నిజంగానే ఉంది. గిటారు ఒంటి మీద మెరిసే పూతను లాకర్ అంటారు. ఆ మాట మన సంస్కృతంలోని ‘లాక్ష’ నుంచి బయలుదేరి, లాఖ్ అయి, పోర్చుగీసు వారి నోట నలిగి, పడమటి దేశాలు చేరింది. బ్యాంకులో నగలు దాచుకునే లాకరు వేరు లెండి, దాని వంశం వేరు. చైనా, జపాను దేశాల లాకరు పని కూడా వేరే. అది ఒక చెట్టు పాలతో చేసేది. పేరు మాత్రం మన లక్కది తగిలించారు.

కొయ్యకు రంగు పట్టించి పైన మెరుగు పూయడం చిన్న పనిలా కనిపిస్తుంది. దీని వెనక ఒక పురుగుంది, తుపాకిమందు ఉంది, సినిమా రీళ్ళున్నాయి, మోటారు కార్లున్నాయి. గిరాకీ పోయి చేతులు ముడుచుకున్న అడవి జనమూ ఉన్నారు.

ముందు పురుగు సంగతి. మోదుగ, రేగు, కుసుం చెట్ల కొమ్మల మీద లక్కపురుగు గుంపులు గుంపులుగా చేరి, రసం పీల్చి, తన చుట్టూ జిగురు లాంటి గూడు కట్టుకుంటుంది. ఛోటా నాగపూర్ అడవుల్లో కొండజనం ఆ కొమ్మలు విరిచి, గీకి, కడుగుతారు. కడిగిన నీళ్ళలో ఎర్రరంగు దిగిపోతుంది. మిగిలినదాన్ని గుడ్డ సంచిలో పోసి నిప్పు సెగన కరిగించి, పలుచని రేకులుగా సాగదీస్తారు. దాన్నే వ్యాపారంలో చపడా అంటారు. ఈ రేకుల్ని స్పిరిట్‌లో కరిగిస్తే మన వడ్రంగులు కుర్చీలకీ తలుపులకీ పూసే పాలిష్ అవుతుంది. దూది ఉండను గుడ్డలో చుట్టి, పాలిష్‌లో ముంచి, సున్నాలు చుడుతున్నట్టు వందలసార్లు రుద్దితే అదే ఫ్రెంచి పాలిష్. యూరప్‌లో 19వ శతాబ్దంలో మంచి గిటార్లకు వేసింది ఇదే. పేరు ఫ్రెంచి వాళ్ళది, సరుకు మనది.

చెన్నపట్నం బొమ్మలు ఎరిగిన కర్ణాటక శ్రోతలకీ, ఏటికొప్పాక వెళ్ళొచ్చిన వారికీ లక్క పని గురించి నేను వేరే చెప్పాలా? రెండు చోట్లా ఒకటే చెట్టు. మనం అంకుడు అంటాం, వారు ఆలె మర అంటారు. తరిమెన మీద కొయ్య గిర్రున తిరుగుతుంటే రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకి పట్టుకుంటుంది. మొగలి ఆకు ఒత్తి పట్టగానే అద్దంలా మెరుస్తుంది. ఒడిశాలో నవరంగపురం లక్క పెట్టెలూ, మహారాష్ట్రలో సావంత్‌వాడి పనితనమూ మీలో చాలామంది చూసే ఉంటారు. అయితే గిటారు బల్లపరుపు వస్తువు, తరిమెన మీద తిరగదు. చేత్తో రుద్దడం ఒకటే దారి. వేల గిటార్లు చేసే ఫాక్టరీకి అంత ఓపిక ఎక్కడిది?

ఆ తొందర తీర్చింది మోటారు కారు. 1920ల మొదట్లో కారుకి రంగు వెయ్యడమంటే వారాల తరబడి పని. నూనె రంగు ఒక పూత ఆరాలి, రుద్దాలి, మళ్ళీ పూయాలి. అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ తుపాకిమందు చేసేది, సినిమా ఫిలిం చేసేది. రెండింటికీ మూలం ఒకటే. దూదిని నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన ద్రావకంలో ముంచితే వచ్చే నైట్రోసెల్యులోజ్. దాన్ని పలుచగా చేసి పిచికారీ కొట్టే వీలు కనిపెట్టి, డ్యూకో అని పేరు పెట్టారు. 1924 మాడల్ ఓక్లాండ్ కార్లు ఆ రంగుతో బజారుకొచ్చాయి. వారాల పని గంటల్లోకి దిగింది. విచిత్రం చూడండి, సరిగ్గా ఆ 1924లోనే రాంచీ దగ్గర నాంకుంలో లక్క పరిశోధన సంస్థ వెలిసింది. ఇక్కడ లక్కని బాగు చేద్దామని పూనుకుంటున్నారు, అక్కడ లక్క జాగాలోకి వచ్చే సరుకు తయారైంది. మండే గుణంలో మాత్రం కొత్తది పాతదాని కన్న నాలుగాకులు ఎక్కువే చదివింది. పాత సినిమా రీళ్ళు అంటుకుని హాళ్ళు కాలిపోయిన కథలు మీరు వినే ఉంటారు. ఆ రీళ్ళలో ఉన్నదే గిటారు పూతలోనూ ఉంది.

ఇక ఎలక్ట్రిక్ గిటారు. రేడియో వినే మీకు ఒక ముచ్చట చెప్పాలి. ఈ వాద్యాన్ని ఊరూరా వ్యాపింపజేసిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో 1938లో రిపేరు దుకాణం పెట్టాడు. గిటారు వాయించడం రాదు. 1950లో ఆయన అమ్మిన గిటారుకి లోపల డొల్ల ఉండదు, గట్టి చెక్క పలక. తీగె కదిలితే కింద అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగలో విద్యుత్తు పుడుతుంది, ఆ విద్యుత్తే ఆంప్లిఫయర్‌లో ధ్వని అవుతుంది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. తర్వాత, అడిగిన వారికి అడిగిన రంగు వేసిస్తామన్నాడు. ఆ రంగులెక్కడివి? కార్లవే. ఫియెస్టా రెడ్ అనేది ఫోర్డ్ వారి థండర్‌బర్డ్ కారు రంగు. లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్ కారుది. డ్యుపాంట్ డబ్బా మూత తీసి కారుకి కొట్టినట్టే గిటారుకి కొట్టారు. రంగులూ అద్దకాలూ తెలిసిన మన కళ్ళకి ఇది కాస్త మోటుగా తోచవచ్చు. కాని కుర్రకారు గుండెల్లో అప్పట్లో ఉన్నది కారే కదా.

గిబ్సన్ కంపెనీ వారిది మరో దారి. కొయ్య నార అందం కనబడాలన్నది వారి పట్టు. 1952లో లెస్ పాల్ గిటారుకి కంచు పొడి కలిపిన బంగారు రంగు వేశారు. వాయించే వాడి మోచెయ్యి ఆనే చోట చెమటకి అది చిలుము పట్టి పచ్చబడేది. 1958లో మేపుల్ చెక్క మీద నడుమ పసుపు, అంచులకు ఎరుపు వచ్చేలా రంగు మార్చారు. పొద్దు గుంకేటప్పటి ఆకాశంలా ఉంటుంది. ఆ ఎరుపు అనిలిన్ జాతి రంగు, ఎండకు నిలవలేదు. దుకాణం అద్దాల వెనక వేలాడదీసినవి కొన్నాళ్ళకే వెలవెలబోయాయి. ఒకటి తేనె రంగుకి దిగింది, ఒకటి నిమ్మపండులా మిగిలింది. 1960లో కంపెనీ వారు ఎరుపు మార్చుకున్నారు. ఇందులో తమాషా ఏమంటే, వెలిసిపోయిన ఆ గిటార్ల కోసమే ఇప్పుడు లక్షల డాలర్లు పోస్తున్నారు. రెండు గిటార్లు ఒకేలా వెలియలేదు గనుక ప్రతిదానికీ దాని మొహం దానికుంది.

వెలిసే ఎరుపు మాట వచ్చింది కనుక మన తీరం సంగతి ఒకటి. మచిలీపట్నం కలంకారీ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఎండకీ ఉతుకుకీ తట్టుకునే ఎరుపది. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు తారు సరుకు నుంచి ఊదా రంగు తీశాడు. 1868లో జర్మన్ రసాయనికులు అలిజరిన్ తయారుచేశారు. చిరివేరు ఎరుపులో ఉన్నదీ అలిజరినే. వేరు తవ్వేవారి పని ఎసట్లోనే ఆరిపోయింది. లక్క కడిగిన ఎర్రనీళ్ళకూ అప్పటి నుంచే గిరాకీ పోయింది. చవకగా వచ్చిన ప్రతి రంగూ నాసి అనలేం, అలిజరిన్ గట్టిదే. కాని అనిలిన్ రంగుల్లో చాలా వాటికి ఆ నిలకడ లేదు.

చేత్తో చేసుకున్న గిటారు అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది లండన్ దగ్గర ఫెల్తమ్ అనే చోట ఒక తండ్రీ కొడుకూ చేసింది. లక్నోలో పుట్టిన క్లిఫ్ రిచర్డ్ అనే గాయకుడు 1959లో అమెరికా నుంచి ఒక ఎర్ర స్ట్రాటోకాస్టర్ తెప్పించి, తన బృందంలోని హాంక్ మార్విన్ చేతికిచ్చాడు. అది చూసిన పిల్లలందరికీ అలాంటిదే కావాలి. కొనే తాహతు ఎందరికి ఉంటుంది? 1963 ఆగస్టులో బ్రయాన్ మే అనే 16 ఏళ్ళ కుర్రవాడు, ఎలక్ట్రానిక్స్ తెలిసిన అతని తండ్రి హెరాల్డ్, ఇంట్లోనే మొదలుపెట్టారు. ఎవరో పారేసిన పాత నిప్పుగూటి పైపలక మహాగని చెక్కతో గిటారు మెడ చెక్కారు. పురుగు తొలిచిన కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చి మూసేశారు. పాత బల్ల తాలూకు ఓక్ చెక్క నడుములోకి వచ్చింది. తీగెల బిగువు సడలించే యంత్రానికి 1928 నాటి పాంథర్ మోటారు సైకిలు స్ప్రింగులు. ఆ మీట కొసకు తల్లి అల్లిక సూది ముక్క. మెడ మీద గుర్తులకి ఆమె కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. దాదాపు రెండేళ్ళు పట్టింది.

రంగు దగ్గర వాళ్ళు ఏం చేశారో చూడండి. మహాగని పలుచని పొరకి ముదురు ఎర్ర చాయ పట్టించారు. పైన బజార్లో దొరికే రస్టిన్స్ వారి ప్లాస్టిక్ కోటింగు పూశారు. రెండు సీసాల ద్రవాలు కలిపి పూస్తే రసాయన చర్యతో గట్టిపడే రకం. పిచికారీ లేదు, ఫాక్టరీ లేదు. పూత, ఆరడం, రుద్దడం, మళ్ళీ పూత. ఆ గిటారుతోనే బ్రయాన్ 1970లో క్వీన్ బృందంలో చేరాడు. ఆ బృందపు గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ మన పంచగనిలో బడి చదువు చదివిన పార్సీ పిల్లవాడని మహారాష్ట్ర శ్రోతలకు గుర్తు చెయ్యాలనిపిస్తోంది. ముప్పయ్యేళ్ళు పైబడిన గిటారుని 1998లో గ్రెగ్ ఫ్రయర్ అనే ఆస్ట్రేలియా వాద్యశిల్పి బాగుచేశాడు. 2002లో బకింగ్‌హామ్ రాజభవనం కప్పు మీద నిలబడి బ్రయాన్ వాయించిందీ దాన్నే.

మీ ఇంట్లో చెక్క పని వచ్చిన కుర్రవాడెవడైనా గిటారు చేస్తానంటే, రంగు దగ్గర తొందరపడవద్దని చెప్పండి. ఉప్పు కాగితం, అదే గరుకు కాగితం, నార వెంబడే లాగాలి. అడ్డంగా లాగిన గీత మామూలుగా కనబడదు, రంగు పడగానే దొంగలా బయటపడుతుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నార లేచి నిలుస్తుంది, ఆరాక మళ్ళీ రుద్దాలి. మేపుల్ వంటి చెక్క మీద అలలు కనబడాలంటే ముందు ముదురు రంగు పట్టించి, పైపైన రుద్దేసి, తర్వాత అసలు రంగు వేస్తారు. అలల సందుల్లో ముదురు నిలిచిపోతుంది. మహాగనికి రంధ్రాలెక్కువ, లప్పం పెట్టాలి. నైట్రో పూతలో సుగుణం ఒకటుంది. కొత్త పూత పాత పూతను కరిగించుకుని దానిలో కలిసిపోతుంది, అందుకే పగిలిన చోట అతుకు కనబడకుండా సరిచెయ్యవచ్చు. రెండు ద్రవాలు కలిపే రకాల్లో ఆ వీలు లేదు, ఏ పొరకి ఆ పొరే. నైట్రో పలుచగా పది పన్నెండు పూతలు వేసి, కొన్ని వారాలు తాకకుండా వదిలేసి, అప్పుడు నీళ్ళ కాగితంతో రుద్ది మెరుగు పెడతారు.

యానాం వంటి తేమ ఊళ్ళలో వానాకాలం ఈ పని పెట్టుకోకండి. థిన్నర్ ఆవిరైపోతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరుతుంది. పూత పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. ముక్కుకి సరైన మాస్కు, తలుపులు తెరిచిన గది, దగ్గర్లో పొయ్యి గాని దీపం గాని లేకపోవడం, ఇవి తప్పవు. లక్క ఇంటి కథ ఉత్త కథ కాదు.

పూతను బట్టి నాదం మారుతుందా అని వాద్యకారుల్లో వాదం ఎప్పుడూ ఉంది. వీణ పలక మీదో, డొల్ల గిటారు మీదో మందంగా పూస్తే పలక కంపం తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. గట్టి చెక్క ఎలక్ట్రిక్ గిటారులో అయస్కాంతం వినేది ఉక్కు తీగెను, పూతను కాదు. అక్కడ తేడా ఉన్నా చెవికి అందేటంత ఉంటుందని నేననుకోను. చేతికి తెలిసే తేడా మాత్రం ఉంది. పలుచని నైట్రో కొన్నేళ్ళకి పసుపు తిరుగుతుంది, చలికి సన్నగా బీటలు వేస్తుంది, మెడ దగ్గర అరిగి కొయ్య తగులుతుంది. 1960ల చివర ఫెండర్ వారు మొదలుపెట్టిన పాలియెస్టర్ మందపు పూతకి ఆ వయసు రాదు.

మరి లక్క ఏమైంది? దానికి పెద్ద దెబ్బ రంగుల దగ్గర కన్న పాటల దగ్గర తగిలింది. పాత గ్రామఫోను ప్లేట్లు లక్కతో చేసేవి. 1948లో అమెరికాలో వినైల్ ఎల్పీలు వచ్చాక ఒక్కొక్క దేశమే లక్క ప్లేటు మానేసింది. మన దేశంలో అది చాలా కాలం నిలిచింది. 1960లలో బీటిల్స్ పాటలు, అంటే ఎలక్ట్రిక్ గిటార్ల పాటలు, ఇక్కడ లక్క ప్లేట్ల మీద విడుదలయ్యాయి. లోకంలోని సేకర్తలు ఇప్పుడు ఆ ప్లేట్ల కోసం వెతుకుతున్నారు. ఛోటా నాగపూర్ కొండజనం గీకిన లక్కలో నైట్రో పూత గిటార్ల మోత వినిపించిన రోజులవి.

జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో లక్క ఈనాటికీ పండుతోంది. నాంకుం సంస్థ పేరు 2007లో ఒకసారి, 2022లో ఒకసారి మారింది, పని సాగుతోంది. చేత్తో గిటార్లు చేసేవారు, ముఖ్యంగా డొల్ల గిటార్లవారు, దూది ఉండతో లక్కే రుద్దుతున్నారు. మిగిలిన లక్క ఎక్కువగా మందు బిళ్ళల మీదికీ, మిఠాయిల మీదికీ, దూరం పంపే ఆపిల్ పళ్ళ మీదికీ వెళుతోంది.